కాళ్ళు కడిగే పళ్ళెం

గోదావరిఖని చౌరస్తాకు దగ్గర్లో, మందుల దుకాణం పైన రోజా బ్యూటీ పార్లర్ ఉంది. మెట్ల మొదట్లో 'ఆడవాళ్ళకు మాత్రమే' అని బోర్డు. ఊళ్ళో ఆ బోర్డును అందరికన్నా ఎక్కువ గౌరవించే మగవాడు ప్రణయ్.

ప్రణయ్‌కి వాటర్ ప్లాంట్ ఉంది. రోజు విడిచి రోజు పెద్ద క్యాన్ భుజాన వేసుకుని ఆ మెట్లెక్కుతాడు. గడప బయట దించుతాడు, ఖాళీ క్యాన్ తీసుకుని దిగిపోతాడు. లోపలికి ఎప్పుడూ తొంగి చూడలేదు. సరే, చూశాడు. ఒకటి రెండుసార్లు. అదే టైముకు అద్దంలోంచి పార్లర్ నడిపే రోజారాణి కళ్ళు కూడా గడప వైపే చూస్తుంటే అతని తప్పేముంది చెప్పండి.

ఆ బిల్డింగులో అందరూ అతన్ని 'అన్నా' అంటారు. పక్క పోర్షన్ ముసలమ్మకు కూడా అతను 'వాటరన్న'. రోజా మాత్రం 'ఓ ప్లాంట్' అని పిలుస్తుంది. అన్నా అని ఒక్కసారి కూడా నోరు జారలేదు. ఆ ఒక్క విషయం మీద ఆశ పెట్టుకుని ప్రణయ్ ఏడాదిగా క్యాన్లు మోస్తున్నాడు.

అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే చెప్పులతో సహా గడప దాటి లోపలికి వచ్చేశాడు.

అప్పుడు రోజా ఒక టీచరమ్మకు ఐబ్రోస్ చేస్తోంది. దారం కొస పళ్ళ మధ్య ఉంది. దారం వదిలితే టీచరమ్మ కనుబొమ్మ వంకర పోతుంది, వదలకపోతే తిట్టడం కుదరదు. అందుకని కళ్ళతోనే తిట్టింది. ఆ తిట్టు ప్రణయ్‌కి పూర్తిగా అర్థమైంది. అయినా కదల్లేదు. ఫోన్ తీసి ఆమె ముందుకు చాపాడు.

ఫోటోలో ఒక అమ్మాయి కాళ్ళు. మోకాళ్ళ కింద నుంచి చీలమండల దాకా ఎర్రటి గడ్డలు. కొన్ని చీము పట్టాయి, కొన్ని వంగపండు రంగుకు తిరిగాయి.

రోజా నోట్లోంచి దారం తీసింది.

"ఎవ్వరియి గివి?"

"మా చెల్లె మమతయి. ప్రధానం ముందట నీ దగ్గర్నే కాళ్ళు చేయించుకున్నది. యాదికున్నదా?"

ఎందుకు లేదు. నిశ్చితార్థానికని మమత చేయించుకుంది 'పెండ్లిపిల్ల స్పెషల్'. రోజా పార్లర్‌కు పేరు తెచ్చిందే ఆ స్పెషల్. హైదరాబాదులో మూతపడ్డ పార్లర్ నుంచి రోజా ఒక కాళ్ళ తొట్టి కొనుక్కొచ్చింది. మోటారు ఉంటుంది. స్విచ్ వేస్తే గోరువెచ్చని నీళ్ళు సుడులు తిరుగుతూ బుడగలు కక్కుతాయి. అందులో రోజా సొంత తెలివి ఒకటి కలిపింది. పెళ్ళికూతుళ్ళు వస్తే పసుపు కలిపి, వేపాకులు, గులాబీ రేకులు వేస్తుంది. ఆ పచ్చటి నీళ్ళలో కాళ్ళు పెట్టి వీడియో తీసుకోని పెళ్ళికూతురు ఖని చుట్టుపక్కల లేదు.

ప్రధానమై నెల దాటింది, ఇప్పుడొచ్చి నన్ను అడుగుతావేంది అంది రోజా. తొట్టిలో కాళ్ళు మునిగిన చోటే గడ్డలు వచ్చాయి, ఇంకెవరిని అడగాలి అన్నాడు ప్రణయ్.

"నేను పసుపు ఏస్త, యాపాకు ఏస్త. పసుపు ఉన్నకాడ పురుగు బతుకుతదా? నువ్వే చెప్పు." రోజా దారం బల్ల మీద పెట్టింది. "ఇంకోటి చెప్పనా. గా తొట్టిల పోసేది నీ క్యాన్ నీళ్ళే. నీ ప్లాంట్ల ఏమున్నదో ముందు గది చూసుకో పో."

ప్రణయ్ మొహం మాడిపోయింది. ప్లాంటులో ఫిల్టర్లు టైముకు మారుస్తాడు, తన తల్లికి పోసే నీళ్ళే ఊరికీ పోస్తాడు. ఏదో అనబోయాడు. ఒక కనుబొమ్మ అయి ఇంకోటి కాని టీచరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. వెనక్కి తిరిగాడు.

"ఓ ప్లాంట్," అంది రోజా వెనకనుంచి. "గడప దాటినవ్, మంచిదే. చెప్పులిడిసి దాటాలె."

మర్నాడు క్యాన్ మెట్ల కిందే ఉండిపోయింది. రోజా దాన్ని తనే ఈడ్చుకుంటూ పైకి తెచ్చుకుంది. మెట్టు మెట్టుకూ అతన్ని తిట్టింది గానీ, మనసు ఫోటోలోని ఆ కాళ్ళ మీదే ఉంది. మధ్యాహ్నానికి షటర్ దించి, కాలరీ క్వార్టర్ల వైపు నడిచింది.

ప్రణయ్ వాళ్ళ క్వార్టర్ గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి.

అవి కట్టింది ప్రణయ్ వాళ్ళ బాపమ్మ యాదవ్వ. ఆమె కొడుకు, ప్రణయ్ తండ్రి కైలాసం బొగ్గుబాయిలో పనిచేస్తాడు. బాయిలో వందమందికి పని చెప్పే మనిషి, ఇంట్లో తల్లి మాటకు ఎదురు చెప్పడు. గడ్డలు చూసిన రోజే యాదవ్వ తేల్చేసింది, పిల్లకు తల్లి పోసిందని, అంటే అమ్మవారు వచ్చిందని. అంతే, ఇంట్లో తాలింపు బంద్. మందులు బంద్. వచ్చిపోయేవాళ్ళు బంద్. ప్రణయ్ దొంగతనంగా మందుల దుకాణం నుంచి తెచ్చిన గోళీలు కొన్నాళ్ళు మింగినా గడ్డలు తగ్గలేదు. అది చూసి, తల్లికి కోపమొచ్చిందని యాదవ్వ ఇంకో రెండు మండలు ఎక్కువ కట్టింది.

మమత వేపాకుల మీద పడుకుని ఉంది. పెళ్ళి రెండు నెలల్లో. అబ్బాయి వాళ్ళది జమ్మికుంట, పత్తి వ్యాపారం. వాళ్ళకింకా ఏమీ తెలియదు.

"అక్కా, లగ్గంల కాళ్ళు కడుగుతరు గద," అంది మమత మెల్లగా. "గీ కాళ్ళకు ఎవరు చెయ్యి పెడ్తరు?"

వీళ్ళ పెళ్ళిళ్ళలో అదే పెద్ద ఘట్టం. పిల్లనూ పిల్లవాణ్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఇత్తడి పళ్ళెంలో కాళ్ళు పెట్టిస్తారు. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి నీళ్ళు పోసి, చేత్తో కాళ్ళు కడిగి, కట్నం చదివించిపోతారు. ఊరంతా చూస్తుంది. ఎవరైనా కాళ్ళు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటే, ఆ మాట జన్మంతా ఉంటుంది.

రోజా ఫోన్ లైటు వేసి కాళ్ళు దగ్గరగా చూసింది. గడ్డలు మోకాలి కింద బెత్తెడు దూరంలో గీత గీసినట్టు ఆగిపోయాయి. ఆ గీత ఎక్కడిదో ఆమెకు తెలుసు. తొట్టి నిండా నీళ్ళు పోస్తే సరిగ్గా అక్కడికే వస్తాయి. కానీ రోజా భయపడి కూలబడే రకం కాదు. లేచి యాదవ్వ ముందు కూర్చుంది.

"అవ్వా, తల్లి పోస్తే మొఖం మీద పోస్తది, ఈపు మీద పోస్తది. మోకాలు దాటకుంట కొలిచి పోస్తదా?"

"తల్లి ఇష్టం బిడ్డా. మనం అడుగుతమా?"

"ఎందుకడగం? పా, సాక పోసి అడుగుదాం."

ప్రణయ్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. రోజా అతని తల్లి సరోజన దగ్గర చెంబు అడిగి తీసుకుంది, అమ్మవారికి పోసే సాకకు బెల్లం నీళ్ళు కలిపింది, యాదవ్వ చెయ్యి పట్టుకుని పోచమ్మ గుడికి నడిపించింది. యాదవ్వ సాక పోసి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. దవాఖానకు తీసుకుపోమంటావా వద్దంటావా తల్లీ అని అడిగింది. గాలి లేదు, గంట మోగలేదు.

"ఒద్దనైతే అంటలేదు," అంది యాదవ్వ చివరికి.

ఇన్నాళ్ళు ప్రణయ్ గొంతు చించుకుని అరిచినా కాని పని ఒక చెంబెడు బెల్లం నీళ్ళతో అయిపోయింది. ప్రణయ్ ఆ రోజు రోజాను కొత్తగా చూశాడు. కోపం మాత్రం ఇంకా పోలేదు. మనిషి నచ్చడం వేరు, నీళ్ళకు వంక పెట్టడం వేరు.

మర్నాడు మమతను తీసుకుని రోజా, ప్రణయ్ కరీంనగర్ బస్సెక్కారు. పెద్దపల్లి దాటగానే వాన. రోజా పక్క కిటికీకి అద్దపు షటర్ నిలబడదు. పైకి లాగితే కిందికి జారుతుంది. జల్లు ఆమె చెంప మీద, భుజం మీద పడుతోంది. వెనక సీట్లోని ప్రణయ్ చెయ్యి ముందుకు చాచి, ఆ షటర్ పైకెత్తి పట్టుకున్నాడు. క్యాన్లు మోసిన చెయ్యి కదా, సుల్తానాబాద్ దాటినా దిగలేదు.

చెయ్యి నొయ్యట్లేదా అని రోజా అడగలేదు. అడిగితే ఎక్కడ తీసేస్తాడో. దానికి బదులు, నీ నీళ్ళే కారణమని తేలుతుంది చూడు అంది. నీ తొట్టే అని తేలుతుంది అన్నాడు ప్రణయ్, చెయ్యి మాత్రం అలాగే పెట్టి.

మధ్యలో ఆమె ఫోన్ మోగింది. సిరిసిల్ల నుంచి వాళ్ళ నాన్న రాయమల్లు. ఆయన మరమగ్గాల మీద పనిచేస్తాడు, అక్కడివాళ్ళు సాంచెలు అంటారు. ఫోన్ ఎత్తితే ముందు సాంచెల టకటకలు, వాటి మీదుగా ఆయన అరుపు. రోజా కూడా అరిచి మాట్లాడాలి. తిన్నవా బాపూ అని ఆమె అరిస్తే బస్సులో సగం మంది తిన్నామన్నట్టు తలలూపారు. ప్రణయ్ మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు కిటికీ అద్దంలో రోజాకు కనపడింది.

కరీంనగర్‌లో చర్మం డాక్టర్ పేరు తిరుమల. మమత కాళ్ళు చూసి, ఒక గడ్డలోంచి కాస్త చీము తీసి పరీక్షకు పంపింది. తర్వాత నిదానంగా అంతా చెప్పింది. ఇది అమ్మవారు కాదు, వేడి గడ్డలూ కాదు. నీళ్ళలో బతికే ఒక రకం సూక్ష్మజీవి. మామూలు నీళ్ళల్లోనూ కాస్తో కూస్తో ఉంటుంది, ఏమీ చెయ్యదు. కానీ కాళ్ళ తొట్టి మోటారు దగ్గర, ఊడిన వెంట్రుకలూ చర్మం పొట్టూ పేరుకునే చోట చేరిందంటే గూడు కట్టుకుంటుంది. అప్పుడే రేజర్ పెట్టిన కాలైతే దానికి తలుపులు తీసిపెట్టినట్టే. లోపలికి పోయి వారాల తరబడి దాక్కుని, తర్వాత బయటపడుతుంది.

కాళ్ళకు రేజర్ పెట్టావా అని డాక్టర్ అడిగింది. ఆ పొద్దున్నే పెట్టుకున్నానని మమత తల దించుకుంది. ఎవరి రేజర్ అంటే, అన్న వైపు చూసింది.

"నా దాంతోనా?" అన్నాడు ప్రణయ్. "గందుకేనా గా నెలంత నా గడ్డం గీసుకుంటె పీకినట్టయింది?"

డాక్టర్ కూడా నవ్వింది. నవ్వి, మందులు నెలల తరబడి వాడాలంది. రిపోర్టును బట్టి మందు మార్చొచ్చు, కానీ తగ్గింది కదా అని మధ్యలో మానకూడదు. గిల్లకూడదు, పిండకూడదు. ముట్టుకుంటే ఇంకొకరికి అంటుకునేది కాదు. పెళ్ళి నాటికి పుండ్లు చాలావరకు మానతాయి, మచ్చలు మాత్రం ఉంటాయి.

ఆఖర్న రోజా వైపు తిరిగింది. "ఆ తొట్టికి మోటారు ముందు జాలీ ఉంటుందమ్మా. అది ఊడదీసి ఎప్పుడు కడిగారు?"

రోజా తొట్టిని రోజూ కడుగుతుంది. సబ్బు వేసి రుద్దుతుంది. తెల్లగా మెరిసేదాకా వదలదు.

"జాలి ఊడుతదా మేడమ్?" అంది.

తిరుగు బస్సులో కిటికీ షటర్ బాగానే ఉంది. ప్రణయ్ చేతికి పని లేకపోయింది.

మమతను ఇంట్లో దింపి, ప్రణయ్ తన బండిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని పార్లర్‌కు వచ్చాడు. ఈసారి చెప్పులు బయటే విడిచాడు. నేను తీస్తానన్నాడు. నా తొట్టి నేనే తీస్తా అని రోజా స్క్రూడ్రైవర్ లాక్కుంది.

మూలకు ఒక చిన్న మూత. రెండు మరలు. జాలీ ఊడి చేతిలోకి వచ్చింది.

దాని వెనక పసుపు ముద్ద ఉంది. పచ్చగా కాదు, నల్లగా, జిగటగా. అందులో వెంట్రుకలు, కుళ్ళిన గులాబీ రేకులు, వేపాకు ఈనెలు. వాసన గుప్పుమంది. పురుగు చస్తుందని ఏ పసుపు వేసిందో, ఏ వేపాకు వేసిందో, అవే పోయి జాలీకి అడ్డం పడి పురుగుకు పరుపు వేశాయి. తొట్టి ఎంత మెరిసిందో, దాని వెనక అంత పేరుకుంది.

గెలవడానికి వచ్చిన ప్రణయ్ లేచి కిటికీ తెరిచాడు. రోజా జాలీని చేతిలో పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. ఎంతమంది పెళ్ళికూతుళ్ళు. ఎన్ని వీడియోలు. ఎన్ని కాళ్ళు.

"నీళ్ళు నీయి," అంది. "జాలి నాది."

"పసుపు మనందరిది," అన్నాడు ప్రణయ్. "మా అవ్వయినా గట్లనే ఏసేది." గొంతు తగ్గించాడు. "రోజా, ఒక్కమాట చెప్త, కోపం జేయకు. గీ సంగతి మనిద్దరికే తెలుసు. తొట్టి నా బండిల ఏసుకపోయి తుక్కుల పడేస్త. ఇంట్ల నా నీళ్ళతోనే అయిందని చెప్త. నాకేమైతది, పది క్యాన్లు తక్కువ పోతయి."

రోజా తలెత్తి అతన్ని చూసింది. ఏడాదిగా అద్దంలోంచి చూసిన మొహమే. ఇంత దగ్గరగా, అద్దం లేకుండా ఇదే మొదటిసారి.

"గింత పిచ్చోనివా నువ్వు?" అంది. ఆ మాటలో తిట్టు తక్కువ, ఇంకేదో ఎక్కువ. "నీ అబద్ధంతోని నా పార్లర్ నిలబడ్తది. మరి గడ్డలచ్చిన పిల్లలు ఏమైతరు? తల్లి పోసిందని యాపాకుల మీద పండుకుంటరా?"

రోజా తన ఫోన్ అతని చేతిలో పెట్టింది.

"ఫోన్ పట్టుకో. వీడియో తియ్యి. జాలి మంచిగ కనవడాలె."

ఏ ఫోన్‌తో పెళ్ళికూతుళ్ళ కాళ్ళు తీసిందో అదే ఫోన్‌కు రోజా జాలీ చూపించింది. ఈ తొట్టిలో కాళ్ళు పెట్టిన వాళ్ళెవరికైనా గడ్డలొస్తే చర్మం డాక్టర్ దగ్గరికి పొమ్మంది, పార్లర్ తొట్టి సంగతి చెప్పమంది. తల్లి అనుకోవద్దు, వేడి అనుకోవద్దు, పిండొద్దు. తప్పు నాది, అడగడానికి ఎవరొచ్చినా నేను పార్లర్‌లోనే ఉంటా అంది. కన్నీళ్ళు పెట్టుకోలేదు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, తన దగ్గరున్న నంబర్లన్నిటికీ పంపింది.

వచ్చారు. తిట్టినవాళ్ళు వచ్చారు, తొట్టి చూసి ముక్కు మూసుకుని పోయినవాళ్ళు వచ్చారు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా లెగ్గింగుల కింద గడ్డలు దాచుకున్న అమ్మాయిలు కూడా వచ్చారు. రోజా ఒక్కొక్కరినీ వెంటబెట్టుకుని బస్సెక్కించింది. పార్లర్‌లో కుర్చీలు ఖాళీ. తొట్టి పోయింది. దారం కొస పళ్ళ మధ్య పెట్టడం కూడా మానేసింది, మెడకు ముడి వేసుకోవడం నేర్చుకుంది. మనిషి మనిషికీ కొత్త దారం, కొత్త బ్లేడు. ఇంట్లో రేజర్ పెట్టుకుని వచ్చిన కాళ్ళను ముట్టుకోనని గోడ మీద రాసి పెట్టింది.

ప్రణయ్ ప్లాంటు నీళ్ళు పరీక్షకు ఇచ్చాడు. బాగానే ఉన్నాయని తేలింది. ఆ ముచ్చట చెప్పడానికి మెట్లెక్కినవాడు, ఖాళీ కుర్చీల మధ్య ఒంటరిగా దారం ముడులు ప్రాక్టీసు చేస్తున్న రోజాను చూసి, చెప్పకుండానే క్యాన్ దించి దిగిపోయాడు.

సంగతి జమ్మికుంట దాకా పోయింది. పెళ్ళికొడుకు తల్లికి అనుమానం వచ్చింది, పిల్లకు చర్మరోగం ఉందేమో, దాచారేమోనని. కైలాసం పోయి మాట్లాడదామనుకుంటుండగానే రోజా అక్కడికి పోయి వచ్చింది. ఒక్కతే. అది ముట్టుకుంటే అంటే రోగం కాదు, తప్పు పిల్లది కాదు, నాది అని వాళ్ళింటి వాకిట్లో నిలబడి చెప్పింది. నమ్మకం కుదరకపోతే పెళ్ళిలో మొదటి చెంబు నీళ్ళు నేనే పోసి కడుగుతా, నా చేతులు చూసి మీరు చెయ్యి పెట్టండి అంది. మీ పార్లర్ పిల్ల ధైర్యం బాగుందని పెళ్ళికొడుకు ఫోన్ చేసి ప్రణయ్‌కి చెప్పాడు. మా పార్లర్ పిల్ల ఏంది అని ప్రణయ్ అన్నాడు గానీ, ఆ 'మా' అనే మాట వారం రోజులు చెవిలో ఉండిపోయింది.

పెళ్ళి ఖనిలోనే జరిగింది. మమత కాళ్ళ మీద పుండ్లు మానాయి. మచ్చలు మిగిలాయి, నల్లగా, చెల్లాచెదురుగా. మేకప్ వేసి కప్పేద్దామని సరోజన అంటే రోజా వద్దంది. నీళ్ళు పోస్తే కారిపోయే దానికి అంత తిప్పలెందుకు, ఉన్నది ఉన్నట్టు చూడనీ అంది.

తలంబ్రాలయ్యాక ఇత్తడి పళ్ళెం పెట్టారు. మమత చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి కాళ్ళు పెట్టింది. ముందు వరుసలోని ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేళం వాళ్ళు కూడా ఎందుకో ఆపారు.

రోజా వచ్చి పళ్ళెం ముందు కూర్చుంది. చెంబుతో నీళ్ళు పోసింది. మచ్చల మీదుగా మెల్లగా చేత్తో కడిగింది, మెత్తటి గుడ్డతో అద్దింది. కట్నంగా ఒక చీర ఒళ్ళో పెట్టింది. లేవబోతుంటే పక్కన ఇంకో చెయ్యి చెంబు అందుకుంది. పెళ్ళికొడుకు తల్లి. ఆమె ఎవరి వైపూ చూడలేదు. కోడలి కాళ్ళు కడిగి, తడి చేతులతోనే ఆమె బుగ్గ తాకింది. తర్వాత ఇక వరుస ఆగలేదు.

మమత ఏడ్చింది. ఆ ఏడుపు అప్పగింతలకు దాచుకో అని ప్రణయ్ అన్నాడు గానీ, అతని కళ్ళూ అంతంత మాత్రంగానే ఉన్నాయి.

పెళ్ళి సందడి సద్దుమణిగాక ఒక సాయంత్రం వాన పడుతోంది. యాదవ్వ మనవణ్ని పిలిచి, కడిగి ఎండబెట్టిన ఇత్తడి పళ్ళెం చేతిలో పెట్టింది.

"గా పార్లర్ పోరికియ్యి. దీనికి జాలి లేదు, మోటర్ లేదు. కడిగి బోర్లేస్తే ఎనక ముందట దాసుకునేదేం ఉండదు." పళ్ళెం మీంచి చెయ్యి తీయకుండా ఇంకో మాట అంది. "పిల్ల సిరిసిల్లోళ్ళ బిడ్డ. మీ తాత గూడ సిరిసిల్లల సాంచె ఇడిసి బాయికి అచ్చిండు. గంతే చెప్తున్న. నేనేం అంటలేను."

ప్రణయ్ తడుస్తూ మెట్లెక్కాడు. చెప్పులు విడిచాడు. లోపల ఒక్క మనిషి లేదు, రోజా తప్ప. పళ్ళెం ఇచ్చి, బాపమ్మ చెప్పిన మొదటి మాట చెప్పాడు. రెండో మాట మింగాడు.

రోజా పళ్ళెం అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగొచ్చింది. ఇకనుంచి కాళ్ళు దీంట్లోనే అంది. మొదటి గిరాకీ ఎవరో అంది.

"నేనే," అన్నాడు ప్రణయ్. ఆడవాళ్ళకు మాత్రమే అనే బోర్డు మెట్ల కింద వానలో తడుస్తోంది. అతను కుర్చీలో కూర్చుని, ప్యాంటు మడిచి, పళ్ళెంలో కాళ్ళు పెట్టాడు. క్యాన్ల కింద నలిగి మొద్దుబారిన కాళ్ళు. మడమలు పగిలి ఉన్నాయి.

రోజా చెంబు తీసింది. వంగింది. అక్కడే ఆగిపోయి, చెంబు పక్కన పెట్టేసింది.

"ఏమైంది? రేజర్ పెట్టలే," అన్నాడు.

"గీ కాళ్ళు నేను కడగ."

ప్రణయ్ పళ్ళెంలోంచి కాళ్ళు తీయబోయాడు.

"తియ్యకు," అంది రోజా. తల వంచుకునే ఉంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "పిల్లగాని కాళ్ళు పిల్ల కడుగుతదా ఎక్కడన్న? పిల్ల బాపు కడుగుతడు."

ప్రణయ్‌కి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక కాళ్ళు రెండూ పళ్ళెంలో దగ్గరికి సర్దుకున్నాడు.

"ఏడాది సంది నీళ్ళు తెస్తున్నవ్," అంది రోజా. "ఒక్కసారన్న అన్నా అని పిలిచిన్నా నిన్ను?"

"నేను గదే లెక్కవెట్టుకుంట మెట్లెక్కిన," అన్నాడు ప్రణయ్.

రోజా ఫోన్ తీసి సిరిసిల్లకు కలిపింది. ఎప్పటిలాగే ముందు సాంచెల టకటకలు, తర్వాత రాయమల్లు అరుపు. బాపూ, ఒకసారి ఖనికి రా, పనున్నది అని రోజా అరిచింది. ఏం పని బిడ్డా అని ఆయన అరిచాడు.

"కాళ్ళు కడిగే పని," అంది రోజా, సాంచెల మీదుగా వినపడేంత గట్టిగా. కింద మందుల దుకాణంలో గోళీలు కొంటున్నవాళ్ళు తలెత్తి పైకి చూశారు. పక్క పోర్షన్ ముసలమ్మ తలుపు తీసింది.

అవతల టకటక ఒక్కసారిగా ఆగిపోయింది. రాయమల్లు సాంచె ఆపాడు. రోజా పుట్టినప్పటి నుంచి ఆయన ఫోన్ కోసం సాంచె ఆపడం ఇదే మొదలు.

"ఎవ్వరి కాళ్ళు బిడ్డా?" ఆయన గొంతు ఇంత మెత్తగా ఉంటుందని ఆమెకే తెలియదు. "పిల్లగాడు ఎట్లుంటడు?"

రోజా పళ్ళెం వైపు చూసింది. అందులో చుక్క నీళ్ళు లేకుండా, కదిలితే సంబంధం ఎక్కడ పోతుందోనన్నట్టు, ప్రణయ్ కాళ్ళు రెండూ బుద్ధిగా ఉన్నాయి.

"మడిమెలు జర పగిలినయి బాపూ," అంది. "మనిషి మంచిగున్నడు."